మూడో సంతకం పెట్టేముందు

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాల నుంచి పిల్లల్ని అమెరికా డిగ్రీ చదువులకు పంపుతున్న స్కూళ్ల ప్రిన్సిపాళ్లకు, కాలేజ్ కౌన్సెలర్లకు నమస్కారం.

ఎర్లీ డెసిషన్ (ఈడీ) అంటే సీటొస్తే అక్కడే చేరతామని ముందే మాటిచ్చి పెట్టే దరఖాస్తు. దాని ఒప్పంద పత్రం మీద మూడు సంతకాలు పడతాయి. ఒకటి విద్యార్థిది, రెండోది తల్లి లేదా తండ్రిది, మూడోది మీది. మొదటి రెండూ ఆశతో పడేవే, వాళ్లను తప్పుపట్టలేం. మీది మాత్రం లెక్క చూసి పడాలి. అక్టోబర్ నెలాఖరున ట్రాన్‌స్క్రిప్టులు, రికమెండేషన్ లెటర్లతో పాటు పది ఇరవై ఒప్పంద పత్రాలు ఒక్కసారే మీ కామన్ యాప్ (చాలా అమెరికా యూనివర్సిటీలకు ఉమ్మడి దరఖాస్తు సైటు) లాగిన్‌లోకి వచ్చిపడతాయి. అప్పుడు ఆ లెక్క చూసే తీరిక ఎవరికీ ఉండదు. ఆర్థిక సహాయం ఫారాలు నింపే కుటుంబాల పక్కన కూర్చునేవాళ్లం మేము. డిసెంబర్‌లో బయటపడే డబ్బు చిక్కుల్లో ఎక్కువ భాగం అక్టోబర్‌లోనే పుట్టినవని మాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

అడుగుతున్నది ఒక్కటే. ఆ ఇల్లు ఏడాదికి ఎంత కట్టగలదో, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఒక కాగితం మీద రాసి మీ ముందు పెట్టేదాకా మూడో సంతకం పెట్టకండి.

ఈడీ అంటే మనవాళ్లకు ముందు ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ గుర్తొస్తుంది కాబట్టి తల్లిదండ్రుల మీటింగులో వివరించేటప్పుడు ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లతో పోల్చి చూడండి. వెబ్ ఆప్షన్లలో విద్యార్థి వందల కాలేజీలు వరసగా పెట్టుకోవచ్చు. ఈడీ అంటే ఒకే ఒక్క ఆప్షన్ పెట్టి ఫ్రీజ్ చేయడం. సీటొస్తే మిగతా దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకుని అక్కడే చేరాలి. పోలిక అంతవరకే. మన దగ్గర ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎవరికి, ఎంత అన్నది ఆప్షన్ పెట్టకముందే జీవోలో ఉంటుంది. ఆ డబ్బు ఎప్పుడు విడుదలవుతుందన్నది వేరే బాధనుకోండి. అక్కడ మాత్రం సహాయం ఎంతో సీటు ఉత్తరంతోనే తెలుస్తుంది. నవంబర్ 1న సంతకం, డిసెంబర్ మధ్యలో జవాబు. అంటే కట్టుబడిన ఆరు వారాలకు గానీ ధర తెలియదు.

పేర్ల దగ్గరే గందరగోళం మొదలవుతుంది. ముందస్తుగా పెట్టే ఇంకో రకం దరఖాస్తు ఎర్లీ యాక్షన్. అందులో కట్టుబాటు లేదు. హార్వర్డ్, యేల్, ప్రిన్‌స్టన్, స్టాన్‌ఫర్డ్ నడిపేది ఒకచోటికే పరిమితం చేసే ఎర్లీ యాక్షన్. ముందస్తు గడువులో ఇంకో ప్రైవేట్ యూనివర్సిటీకి పెట్టకూడదు గానీ, సీటొచ్చాక మే 1 దాకా ఆలోచించుకోవచ్చు. బ్రౌన్, కొలంబియా, కార్నెల్, డార్ట్‌మత్, పెన్సిల్వేనియా, డ్యూక్, నార్త్‌వెస్టర్న్‌లది కట్టుబడాల్సిన ఈడీ. వాండర్‌బిల్ట్, జాన్స్ హాప్కిన్స్, ఎమరీ లాంటి చోట్ల జనవరి మొదట్లో రెండో విడత కూడా ఉంది. దానికి జవాబు ఫిబ్రవరిలో వస్తుంది, కట్టుబాటు మాత్రం అదే. ‘ఎర్లీ పెట్టాం’ అని ఇంట్లో చెప్పే పిల్లవాడు ఏ ఎర్లీ పెట్టాడో తల్లిదండ్రులకు తెలియకపోవడం మామూలే. రెండో సంతకం కూడా చాలా ఇళ్లల్లో పిల్లలే కానిచ్చేస్తారు. పాస్‌వర్డు వాళ్ల దగ్గరే ఉంటుంది కదా.

ఈడీలో లాభం లేదని మేము అనం. పెన్సిల్వేనియా లాంటి చోట కొత్త బ్యాచ్‌లో దాదాపు సగం సీట్లు ఈడీలోనే నిండుతున్నాయి. ఈ ముందస్తు దరఖాస్తుల లాభం శాట్‌లో 100 మార్కులు పెరిగినంత ఉంటుందని రెండు దశాబ్దాల కిందటే హార్వర్డ్ పరిశోధకులు లెక్కగట్టారు. కానీ ఈడీ ప్రవేశ శాతం మామూలు విడత కంటే రెండు మూడు రెట్లని చూపించే అంకెల్లో, ముందే మాటయిపోయిన క్రీడాకారులు, పూర్వ విద్యార్థుల పిల్లలు కూడా ఉంటారు. కూకట్‌పల్లి నుంచి సహాయం అడుగుతూ దరఖాస్తు పెట్టే అమ్మాయికి అదే నిష్పత్తిలో అవకాశం పెరుగుతుందనుకోవడం పొరపాటు. సెమినార్లలో ఆ అంకెల్ని తెరమీద పెట్టేటప్పుడు ఈ ముక్క కూడా చెప్పండి.

ఇక ధర. పేరున్న ప్రైవేట్ యూనివర్సిటీల్లో ట్యూషన్, గది, భోజనం, పుస్తకాలు, బీమా కలిపి ఇప్పుడు ఏడాదికి 90 వేల డాలర్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే. డాలరు 90 రూపాయలనుకుంటే 81 లక్షలు. దాన్ని నాలుగుతో గుణించి 3 కోట్ల 24 లక్షలని రాసుకుంటారు. అక్కడే మొదటి తప్పు. ఖర్చు ఏటా 4 శాతం పెరిగి, రూపాయి ఏటా 3 శాతం తగ్గితే రెండో ఏడు 86.8 లక్షలు, మూడో ఏడు 92.9, నాలుగో ఏడు 99.6. మొత్తం 3 కోట్ల 60 లక్షలు. 36 లక్షలు అదనం, అదీ ఎక్కువ భాగం చివరి రెండేళ్లలో, అప్పు చేసే శక్తి అయిపోయాక. ఇవి భయపెట్టడానికి వేసుకున్న అంకెలు కావు. 2015లో డాలరు సగటున 64 రూపాయల దగ్గర ఉండేది, 2025 డిసెంబర్‌లో 90 దాటింది. ఇది కాక ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటి సొంత డబ్బు పంపితే టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను) పడుతుంది. తర్వాత పన్నులో సర్దుబాటవుతుంది గానీ పంపే రోజున చేతిలో ఉండాలి. గుర్తింపు ఉన్న సంస్థ నుంచి తీసుకున్న విద్యా రుణంతో పంపితే 2025 ఏప్రిల్ నుంచి అది లేదు. తెలంగాణ అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి గురించి అడిగే తల్లిదండ్రులు ఏటా ఉంటారు. అది పీజీ, ఆపై చదువులకే. డిగ్రీకి రాదని ముందే చెప్పేయండి.

‘సహాయం అడగకుండా పెట్టండి, సీటొచ్చాక చూసుకుందాం.’ కన్సల్టెన్సీల్లో, వాట్సాప్ గ్రూపుల్లో వినిపించే ఈ సలహా అన్నిటికంటే ప్రమాదకరం. దీనిలో సగం నిజం ఉంది, అందుకే నమ్ముతారు. అమెరికా పౌరులు కాని విద్యార్థుల విషయంలో ఎక్కువ యూనివర్సిటీలు డబ్బు అవసరాన్ని కూడా చూసే సీటిస్తాయి. సహాయం అడిగితే పోటీ గట్టిపడుతుందన్నది నిజమే. మిగతా సగం ఎవరూ చెప్పరు. ఈ యూనివర్సిటీల్లో చాలావాటిలో విదేశీ విద్యార్థి దరఖాస్తు సమయంలో సహాయం అడగకపోతే నాలుగేళ్లలో మళ్లీ అడిగే హక్కు ఉండదు. స్టాన్‌ఫర్డ్ ఆ మాట తన నిబంధనల్లోనే రాసిపెట్టింది. దరఖాస్తులో ‘సహాయం కోరుతున్నారా’ అన్న ప్రశ్నకు ‘కాదు’ అని నొక్కి ఈడీలో సీటు తెచ్చుకున్న విద్యార్థికి, సహాయం చాలలేదు కాబట్టి ఒప్పందం నుంచి వదిలేయండని అడిగే దారి కూడా పోతుంది. ఒప్పందంలోని మినహాయింపు సహాయానికి దరఖాస్తు చేసుకున్నవాళ్లకే వర్తిస్తుంది. అడగనివాడు పూర్తి ధరకు ఒప్పుకున్నట్టే.

పౌరసత్వం చూడకుండా, డబ్బు సంగతి పక్కనపెట్టి సీటిచ్చి, అవసరమైనంతా ఇస్తామనే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉన్నాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్‌స్టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ చాలాకాలంగా అలా ఉన్నాయి. 2022లో డార్ట్‌మత్, బౌడిన్ చేరాయి. తర్వాత బ్రౌన్, నోట్రడామ్, వాషింగ్టన్ అండ్ లీ వచ్చాయి. వీటిలో ఈడీ ఉన్నవి ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్, బౌడిన్, బ్రౌన్, వాషింగ్టన్ అండ్ లీ. సహాయం తప్పనిసరి అయిన ఇంటి బిడ్డ ఈడీ పెట్టాలనుకుంటే మా మొదటి చూపు ఈ అయిదింటి మీదే ఉంటుంది. అయినా ‘అవసరమైనంతా’ అన్నప్పుడు ఆ అవసరాన్ని లెక్కగట్టేది మీరూ కాదు, తల్లిదండ్రులూ కాదు. యూనివర్సిటీయే.

మీ క్లాసులో అందరూ ఒకే గాటన ఉండరు, ఇదొకటి గుర్తుంచుకోండి. అమెరికాలో పుట్టి, తల్లిదండ్రులతో తిరిగొచ్చి మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో చదువుతున్న పిల్లలు చాలామందే ఉన్నారు. పాస్‌పోర్టు అమెరికాదైతే ఎక్కడ చదువుతున్నా వాళ్లు సహాయం విషయంలో స్థానికులే. ఫాఫ్సా (అమెరికా ప్రభుత్వ సహాయానికి పెట్టే దరఖాస్తు) నింపొచ్చు, ఫెడరల్ గ్రాంట్లకు, రుణాలకు అర్హులు. విదేశీయుల దగ్గర డబ్బు సంగతి చూసే యూనివర్సిటీలు కూడా చాలావరకు వీళ్ల దగ్గర చూడవు. తల్లిదండ్రులకు సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోయినా ఫాఫ్సా ఖాతా తెరవొచ్చు, రూపాయల ఆదాయాన్ని డాలర్లలోకి మార్చి రాయాలి. అయితే తల్లి గానీ తండ్రి గానీ అమెరికా పౌరులైతే, ఇండియాలో ఉంటున్నా అక్కడ పన్ను రిటర్న్ వేసి ఉండాలి. ఏళ్లుగా వేయని సంగతి అక్టోబర్‌లో బయటపడుతుంది. దీనికి తలకిందులుగా డాలస్‌లోనో న్యూజెర్సీలోనో హెచ్-4 వీసా మీద పెరిగిన పిల్లలు. అక్కడే ఒకటో తరగతి నుంచి చదివినా వాళ్లకు ఫాఫ్సా లేదు, ఎక్కువ ప్రైవేట్ యూనివర్సిటీలు సహాయం విషయంలో విదేశీయులుగానే చూస్తాయి. మీ స్కూల్లో చదువుతున్నవాళ్ల అన్నదమ్ములో పెదనాన్న పిల్లలో అక్కడ ఉంటారు, వాళ్ల అనుభవాన్ని ఇక్కడికి అతికిస్తారు. ‘మా కజిన్‌కు వచ్చింది కదా’ అన్నప్పుడు ఆ కజిన్ చేతిలో ఏ పాస్‌పోర్టు ఉందో ముందు అడగండి.

ఇప్పుడు ఫారాల దగ్గరికి. ఈ యూనివర్సిటీల్లో ఎక్కువ వాటికి కాలేజ్ బోర్డు వారి సీఎస్ఎస్ ప్రొఫైల్, అంటే ఇంటి ఆదాయం, ఆస్తుల వివరాల ఫారం కావాలి. అక్టోబర్ 1న తెరుచుకుంటుంది. మొదటి యూనివర్సిటీకి 25 డాలర్లు, తర్వాత ఒక్కోదానికి 16 డాలర్లు. మన దసరా సెలవుల్లో తల్లిదండ్రులు ఊళ్లో ఉంటారు కాబట్టి దాన్ని దీపావళి దాకా వాయిదా వేస్తారు, దీపావళి వచ్చేసరికి ఈడీ గడువు నెత్తిమీద ఉంటుంది.

ఆ ఫారంలో అంకెల దగ్గర ఏం జరుగుతుందో ఒక్క ఉదాహరణ. కుటుంబ ఆదాయం 24,00,000 రూపాయలనుకుందాం. మొదట్లో కరెన్సీ ఎంచుకునే ప్రశ్న ఉంటుంది. అక్కడ డాలరు పెట్టి, కింద రూపాయల్లో 24,00,000 కొడితే ఆ కుటుంబం ఏడాదికి 24 లక్షల డాలర్లు సంపాదిస్తున్నట్టు. రెండో రకం తప్పు ఇంకా తమాషాగా ఉంటుంది. తండ్రి ముందే జాగ్రత్తగా డాలర్లలోకి మార్చి 26,667 అని రాస్తాడు, కరెన్సీ మాత్రం రూపాయలే ఉంటుంది. ఇప్పుడు ఆ ఇంటి ఏడాది ఆదాయం 296 డాలర్లు. మొదటిదానికి సహాయం సున్నా. రెండోదానికి ప్రశ్నల ఉత్తరం వస్తుంది, అది స్పామ్ ఫోల్డర్‌లోకి పోతుంది, ఈడీ జవాబు సహాయం లెక్క లేకుండానే వస్తుంది. కరెన్సీ గడి, ఆదాయం గడి రెండూ కలిపి తీసిన ఒక స్క్రీన్‌షాట్ మీరు అడిగితే చాలు, ఈ తప్పు రెండు నిమిషాల్లో దొరుకుతుంది.

అదే ఫారంలో పిల్లల ప్రస్తుత స్కూలు ఫీజు ఎంత అని కూడా అడుగుతారు. ఐటీ రిటర్న్‌లో వ్యాపార ఆదాయం 7 లక్షలుండి, ఇద్దరు పిల్లల ఫీజు ఏటా 14 లక్షలు కడుతుంటే, చూసే అధికారికి అబద్ధమనిపించనక్కర్లేదు గానీ అర్థం మాత్రం కాదు. తరుగుదల ఖర్చు కింద చూపించిన సొమ్మును యూనివర్సిటీలు చాలాసార్లు ఆదాయంలో తిరిగి కలిపేస్తాయి. తాతగారు ఫీజు కడుతుంటే ఆ సంగతి వివరణల గడిలో ఒక్క వాక్యంలో రాయాలి. రాయకపోతే అది దాచిన ఆదాయంలా కనిపిస్తుంది. ఆడిట్ ఉన్న వ్యాపారాలకు రిటర్న్ గడువు సాధారణంగా అక్టోబర్ 31, ఈడీ గడువు నవంబర్ 1. ఆడిటర్ గారు చివరి రోజు దాకా ఆగే మనిషైతే ఆ ఇల్లు ఈడీకి సిద్ధంగా లేనట్టే.

వ్యవసాయ కుటుంబాలది వేరే చిక్కు. సాగు ఆదాయానికి పన్ను లేదు, చాలామందికి రిటర్నే ఉండదు. మీసేవలో తీసుకున్న తహసీల్దారు ఆదాయ ధ్రువపత్రం, దాని ఇంగ్లీషు అనువాదం, పట్టాదారు పాస్‌బుక్ నకలు, ఎన్ని ఎకరాలు, ఏ పంట, కౌలుకిస్తే ఎంత వస్తుంది, ఇవన్నీ ఒక పేజీలో ఉండాలి. శంకర్‌పల్లి వైపు మూడెకరాలుంటే దాని ధర కోట్లలో, దానిమీద పంట ఆదాయం లక్షల్లో కూడా ఉండకపోవచ్చు. అక్కడివాళ్లకు ధర ఒక్కటే కనిపిస్తుంది. భూమి అన్నదమ్ముల మధ్య పంచుకోనిదైతే ఆ కుటుంబానికి దక్కే వాటా ఎంతో రాయాలి, మొత్తం ఎకరాలు కాదు. మార్కెట్ ధరా, రిజిస్ట్రేషన్ విలువా అని అడుగుతారు. ఏది రాసినా అది ఏదో చెప్పి రాయమనండి. రెండు ఫారాల్లో రెండు రకాలుగా ఉండటమే అసలు సమస్య. ఉజ్జాయింపుగా లెక్క చెప్పాలంటే, ఇంటి ఆదాయంలో పోయేంత వాటా ఆస్తుల్లో పోదు. ఆస్తుల మీద ఏటా సుమారు 5 శాతం దాకా తల్లిదండ్రుల వంతుగా వేస్తారు. 60 లక్షల ఖాళీ ప్లాటు ఉంటే ఏడాదికి 3 లక్షల దాకా. ‘ప్లాటుంది కాబట్టి సహాయం రాదు’ అని ఫారమే నింపని వాళ్లకు ఈ అంకె చెప్పండి.

అప్పులు ఇంకో కథ. ‘రెండు రూపాయల వడ్డీకి పది లక్షలు’ అంటే మనకు వెంటనే తెలుస్తుంది. నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం, అంటే 2 లక్షల 40 వేలు వడ్డీకే పోతుంది. అక్కడి అధికారికి అది 2 శాతం వడ్డీలా వినిపిస్తుంది. ఏడాది శాతంగా మార్చి, ప్రామిసరీ నోటు నకలుతో పాటు రాయించండి. చీటీ పాట ముందే పాడుకుని ఇంకా కడుతున్నవి అప్పు, పాడనివి పొదుపు. అక్క పెళ్లి ఖర్చు కోసం దాచిన డబ్బును మాత్రం యూనివర్సిటీలు పక్కన పెట్టవు, మన దృష్టిలో అది ఎంత తప్పనిసరైనా సరే.

తల్లిదండ్రులు విడిగా ఉంటున్న ఇళ్లలో మీ పని ఎక్కువ. చాలా యూనివర్సిటీలు ఇద్దరి వివరాలూ అడుగుతాయి. కోర్టు కాగితాలు లేకుండా ఏళ్లుగా విడిపోయినవాళ్లు మన దగ్గర ఎందరో. తండ్రి ఎక్కడున్నాడో తెలియని పిల్లకు ఆ ఫారం నుంచి మినహాయింపు కావాలంటే, పరిస్థితి తెలిసిన బయటి మనిషి ఉత్తరం అడుగుతారు. స్కూలు కౌన్సెలర్ ఉత్తరం దానికి బాగా పనికొస్తుంది. ఎప్పటి నుంచి సంబంధాల్లేవు, ఫీజు ఎవరు కడుతున్నారు, మీకు ఎలా తెలుసు, ఈ మూడూ అందులో ఉంటే చాలు. జాలి మాటలు అక్కర్లేదు.

సహాయం పోగా ఇంటికి ఎంత పడుతుందో అంచనా చెప్పే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ఉంది కదా అంటారు. 2011 అక్టోబర్ నుంచి ప్రతి యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో అది ఉండాలన్నది అమెరికా చట్టం. కానీ అది స్థానిక విద్యార్థి కోసం కట్టింది. జీతం, ఒక ఇల్లు, బ్యాంకు ఖాతా ఉన్న ఇంటికి దగ్గరగా చెబుతుంది. సొంత వ్యాపారం, పొలం, విడిపోయిన తల్లిదండ్రులు, రూపాయల ఆదాయం వచ్చేసరికి తప్పుతుంది. అమెరికా పౌరసత్వం ఉన్న మీ విద్యార్థులకు వాడించండి, కొన్ని యూనివర్సిటీలు విదేశీయులకు విడిగా పెట్టినవి ఉంటే అవీ వాడించండి. మిగతావాళ్ల చేత సెప్టెంబర్‌లోనే సహాయ కార్యాలయానికి ఒక మెయిల్ రాయించడం మేలు. మీరు విదేశీయుల విషయంలో డబ్బు చూస్తారా, ఈడీలో వచ్చిన విదేశీ విద్యార్థికి సహాయం అంకె సీటుతో పాటే ఇస్తారా, ఇప్పుడు అడగకపోతే తర్వాత అడగొచ్చా, మీ సహాయంలో రుణం ఉంటుందా. నాలుగే ప్రశ్నలు. జవాబు వస్తుంది, ఆ జవాబును ఫైల్లో పెట్టండి.

ఇక మేము అడుగుతున్న కాగితం. అందులో పైన యూనివర్సిటీ పేరు, ఈ ఏటి పూర్తి ఖర్చు, పైన చెప్పినట్టు పెంచుకుంటూ నాలుగేళ్ల మొత్తం. కింద ఇంటి వంతు. జీతం నుంచి ఏటా ఎంత, పొదుపు నుంచి ఎంత, తాతగారు, మేనమామ ఇస్తామన్నది ఎంత (మాటగానా, ఖాతాలో ఉందా), రుణం ఎంత, ఆ రుణానికి తనఖా ఏమిటి. చివర ఒక వాక్యం: ‘సహాయం పోగా మా వంతు ఏడాదికి ఇన్ని లక్షలు దాటితే మేము చేరలేము.’ దాని కింద తల్లి, తండ్రి ఇద్దరి సంతకాలు. తండ్రి ఒక్కడిదే వద్దు. ఇంట్లో బంగారం మీద నిర్ణయం సాధారణంగా ఆయన చేతిలో ఉండదు. ఆ అంకెనే సీఎస్ఎస్‌లో, యూనివర్సిటీ సొంత ఫారంలో ‘తల్లిదండ్రులు ఎంత ఇవ్వగలరు’ అన్న చోట రాయాలి. ఒకచోట 15 లక్షలు, ఇంకోచోట 40 లక్షలు ఉంటే పెద్దదాన్నే నమ్ముతారు. వీసా కోసం మొదటి ఏడాది నిధులు చూపించేటప్పుడు కూడా ఇదే కాగితం పనికొస్తుంది.

ఆ చివరి వాక్యం రాయలేని కుటుంబానికి, రాసినా అంకె మరీ తక్కువున్న కుటుంబానికి ఈడీ వద్దని చెప్పండి. ఎర్లీ యాక్షన్, మామూలు విడత ఉన్నాయి. నాలుగు సహాయాల ఉత్తరాలు పక్కపక్కన పెట్టి ఏప్రిల్‌లో చూసుకోవచ్చు, మే 1 దాకా గడువుంది. ఈడీలో వదులుకునేది సరిగ్గా ఈ పోల్చుకునే అవకాశాన్నే. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ యూనివర్సిటీల్లో మెరిట్ స్కాలర్‌షిప్‌లు లేవు గానీ వాటి బయట ఇచ్చే మంచి యూనివర్సిటీలు ఉన్నాయి. ఈడీలో బందీ అయిన విద్యార్థికి అవి కనిపించనే కనిపించవు.

డిసెంబర్ మధ్యలో సీటొచ్చి, సహాయం చాలకపోతే ఏం చేయాలో చాలా స్కూళ్లలో ఎవరికీ తెలియదు. ఒప్పందంలో రాసి ఉన్నదే: సహాయానికి దరఖాస్తు చేసుకున్న విద్యార్థికి చేరడం సాధ్యమయ్యేంత సహాయం రాకపోతే సీటు వద్దని చెప్పి కట్టుబాటు నుంచి బయటపడొచ్చు. కానీ నేరుగా వద్దని రాయకూడదు. ముందు రెండు మూడు రోజుల్లో సహాయ కార్యాలయానికి ఒక పేజీ మెయిల్ పంపాలి. చేరాలని ఉంది, మా కాగితం ప్రకారం కట్టగలిగింది ఇంత, మీరు వేసింది ఇంత, తేడా ఇంత, మీ లెక్కలోకి రాని సంగతులు ఇవీ, పత్రాలు జతచేశాం. బేరం మాట ఎక్కడా రాకూడదు. తప్పుగా చదివిన అంకె ఏదైనా ఉంటే అక్కడే బయటపడుతుంది, సవరిస్తారు కూడా. సవరించాకా కుదరకపోతే, ఒప్పందం నుంచి విడుదల చేయమని రాతపూర్వకంగా అడగాలి, మీ నుంచి కూడా ఒక మెయిల్ వెళ్లాలి. ఇదంతా జరుగుతుండగా మామూలు విడత గడువులు జనవరి మొదటివారంలో దాటిపోతాయి. అందుకే ఆ దరఖాస్తులు, వాటి సీఎస్ఎస్ జాబితా నవంబర్‌లోనే తయారై, పంపకుండా ఉండాలి. డిసెంబర్ 20న కొత్త వ్యాసాలు మొదలుపెట్టే పిల్ల ఏం రాస్తుందో మీకు తెలుసు.

కారణం చెప్పకుండా తప్పుకుంటే స్కూలు మీదికే వస్తుంది. 2025లో టులేన్ యూనివర్సిటీ కొలరాడోలోని ఒక ప్రైవేట్ స్కూలు విద్యార్థుల నుంచి ఏడాది పాటు ఈడీ దరఖాస్తులు తీసుకోబోమంది. ఆ స్కూలు నుంచి ఈడీలో సీటొచ్చిన ఒకరు మాట తప్పారని కారణం. తర్వాతి బ్యాచ్ పిల్లలు చేసిన తప్పేమిటని అక్కడ చాలామంది అడిగారు, మేమూ అడుగుతాం. కానీ మీ మూడో సంతకం బరువు ఎంతో దీన్నిబట్టి చూసుకోవచ్చు. డబ్బు చాలక, పత్రాలతో, మర్యాదగా బయటికొచ్చిన విద్యార్థి విషయం వేరు. ఆ తేడాను చూపించేది మీ ఫైల్లో ఉన్న కాగితమే.

ఈ పద్ధతే అన్యాయమని అమెరికాలోనే వాదన నడుస్తోంది. కలిగినవాళ్లకే ముందస్తు దరఖాస్తులు మేలు చేస్తున్నాయని 2006లో హార్వర్డ్, ప్రిన్‌స్టన్ వాటిని ఎత్తేశాయి. ప్రిన్‌స్టన్‌ది కట్టుబడాల్సిన ఈడీ, హార్వర్డ్‌ది కట్టుబాటు లేనిది. మిగతావాళ్లలో ఎక్కువమంది వెంట రాలేదు, 2011లో రెండూ కట్టుబాటు లేని రూపంలో తిరిగి తెచ్చాయి. 2025 ఆగస్టులో 32 యూనివర్సిటీల మీద, కామన్ యాప్ మీద కలిపి మసాచుసెట్స్ ఫెడరల్ కోర్టులో దావా పడింది. పోటీ లేకుండా చేసి ధర పెంచుతున్నారన్నది ఆరోపణ. అదే ఏడాది మిషిగన్ యూనివర్సిటీ కొత్తగా ఈడీ మొదలుపెట్టింది. కోర్టు ఏం తేల్చినా వచ్చే నవంబర్ 1 ఆగదు.

ఒక ఇబ్బందికరమైన మాట కూడా రాయాలి. ఫలితాలు రాగానే మీ గేటు ముందు ఫ్లెక్సీలు, పేపర్లో ఫుల్ పేజీ ప్రకటనలు వెలుస్తాయి. ర్యాంకుల కాలం నుంచీ మనకు అలవాటే. డిసెంబర్‌లో వచ్చే ఈడీ సీట్లు ఆ ఫ్లెక్సీకి బాగా కలిసొస్తాయి, అడ్మిషన్ల సీజన్ అప్పుడే మొదలవుతుంది కదా. కౌన్సెలర్‌కు ఈడీల సంఖ్య మీద ఇన్సెంటివ్ పెట్టిన చోట ఆ సంతకం స్వేచ్ఛగా పడదు. సీటొచ్చిన వాళ్ల ఫొటోలు వేయండి, తప్పులేదు. ఇన్సెంటివ్ మాత్రం తీసేయండి.

ఈ ఏడాదికి మీరు చేయగలిగింది ఇదీ. ఆగస్టు తల్లిదండ్రుల మీటింగులో ఖాళీ కాగితం పంచండి. సెప్టెంబర్ 30కి నింపి తెమ్మనండి. అక్టోబర్ 15కి సీఎస్ఎస్ నింపి కరెన్సీ స్క్రీన్‌షాట్ మీకు చేరాలి. అక్టోబర్ 25 తర్వాత కాగితం లేకుండా వచ్చిన ఈడీ ఒప్పందాన్ని వెనక్కి పంపి, అదే దరఖాస్తును మామూలు విడతకు మార్చమనండి. దరఖాస్తు ఇంకా పంపకపోతే కామన్ యాప్‌లో దానికి ఒక గడి మారిస్తే సరిపోతుంది.

ఇట్లు,
విదేశీ డిగ్రీ చదువుల ఆర్థిక సహాయం దరఖాస్తులు చూసే కొందరం